జబ్బు ఊపిరితిత్తులకైతే గుండెకు ఎకో ఎందుకు? అపోహలు - వాస్తవాలు

న్యుమోనియా ముదిరి ఏఆర్‌డీఎస్‌గా (ఊపిరితిత్తులు వాచి, నీరు చేరి రక్తానికి ఆక్సిజన్ అందని స్థితి) మారిన పిల్లలు మా ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉంటారు. ఆక్సిజనేషన్ ఇండెక్స్ (వెంటిలేటర్ ఎంత సాయం చేస్తే రక్తంలోకి ఎంత ఆక్సిజన్ చేరుతోందో చెప్పే లెక్క; ఎక్కువైతే జబ్బు ఎక్కువని) 16 గానీ అంతకు పైన గానీ ఉంటే తీవ్రం అంటాం. అలాంటి పిల్లలకు ఎకో (గుండెకు తీసే అల్ట్రాసౌండ్ స్కాన్) తీస్తుంటే తల్లిదండ్రులకు కొత్త టెన్షన్ మొదలవుతుంది.

అపోహ: ఊపిరితిత్తుల జబ్బుతో గుండెకు సంబంధం లేదు.

వాస్తవం: చాలా ఉంది. కుడి జఠరిక (గుండెలో కుడివైపు కింది గది) రక్తాన్ని పంపేదే ఊపిరితిత్తుల్లోకి. అక్కడ ఆక్సిజన్ తగ్గితే రక్తనాళాలు ముడుచుకుంటాయి. కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటే ఇంకా బిగుస్తాయి. కుడి జఠరిక గోడ పల్చన. ఆ ఒత్తిడికి ఎదురు నిలవలేక ఉబ్బి, రెండు జఠరికల మధ్య గోడను ఎడమవైపు నెడుతుంది. ఎకోలో గుండ్రంగా కనిపించాల్సిన ఎడమ జఠరిక ఒకవైపు చదునై ఇంగ్లిష్ 'డి' అక్షరంలా కనిపిస్తుంది. అది చూసిన క్షణం నుంచి ఆ బిడ్డ విషయంలో మా లెక్కలన్నీ మారిపోతాయి. సెప్సిస్ (ఇన్ఫెక్షన్‌కు ఒళ్లంతా అతిగా స్పందించి అవయవాలు దెబ్బతినడం) కూడా ఉంటే గుండె కండరమే నేరుగా నీరసించవచ్చు.

అపోహ: ఈసీజీ బాగుంది కాబట్టి గుండె బాగున్నట్టే.

వాస్తవం: కాదు. ఈసీజీ మామూలుగా ఉన్నా కుడి జఠరిక అలసిపోయి ఉండొచ్చు.

అపోహ: బీపీ పడితే సెలైన్ ఎక్కించాల్సిందే.

వాస్తవం: నాకు ఎక్కువ భయం దీని గురించే. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గిన బిడ్డకు సెలైన్ ప్రాణం పోస్తుంది. కానీ కుడి జఠరిక అప్పటికే ఉబ్బి ఉంటే, ఎక్కించిన ప్రతి సీసా ఎడమ గదిని మరింత నొక్కుతుంది, బీపీ ఇంకా పడుతుంది. అందుకే పక్కటెముకల కింద చెయ్యి పెట్టి కాలేయం పెరిగిందేమో చూస్తాం, ఎకో తీస్తాం, అవసరమైతే గుండెకు బలాన్నిచ్చే మందులు మొదలుపెడతాం.

అపోహ: వెంటిలేటర్ ప్రెషర్ ఎంత పెంచితే అంత మేలు.

వాస్తవం: మరీ తక్కువైతే గాలి గదులు మూసుకుపోతాయి, మరీ ఎక్కువైతే వాటి చుట్టూ ఉన్న రక్తనాళాలు నలిగిపోతాయి. రెండు విధాలా భారం పడేది కుడి జఠరిక మీదే. బోర్లా పడుకోబెట్టినప్పుడు కొందరు పిల్లల్లో ఆక్సిజన్ పెరిగి ఆ భారం దిగుతుంది.

అపోహ: ఇక గుండె జీవితాంతం బలహీనమే.

వాస్తవం: ఊపిరితిత్తులు కోలుకుంటే చాలామంది పిల్లల్లో గుండె కూడా తేరుకుంటుంది. అయితే ఇంటికి పంపేటప్పుడు, మళ్లీ ఎకో ఎప్పుడు తీయించాలో డిశ్చార్జి కాగితంలో తప్పకుండా రాయించుకోండి.