పోరు ఎప్పుడు ఆగాలో చెప్పే నియమం ఎటు పోయింది?

బల్ల చుట్టూ ఐదుగురు ఆటగాళ్లు, వాళ్లకు ఎదురుగా కథ నడుపుతూ శత్రువుల తరఫున ఆడే గేమ్ మాస్టర్. పాడుబడ్డ కోటలో ఆ ఐదుగురి పాత్రలకు గోబ్లిన్లు అనే చిన్న రాక్షసులు ఆరుగురు ఎదురుపడ్డారనుకుందాం. ఒక్కో ఆటగాడు తన వంతుకు 2 నిమిషాలు, గోబ్లిన్ల తరఫున గేమ్ మాస్టర్ 5 నిమిషాలు తీసుకుంటే, ఒకసారి కత్తి విసిరిన ఆటగాడు మళ్లీ పాచిక పట్టుకోవడానికి 13 నిమిషాలు ఎదురుచూడాలి. అలా నాలుగు రౌండ్లు సాగితే గంట గడిచిపోతుంది. ఈ తరహా ఆటల్లో పేరుమోసిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఇప్పుడు ఒక రౌండు అంటే 6 సెకన్లు కాబట్టి, ఆ గంటలో కథ కదిలింది 24 సెకన్లే.

ఇలా పాత్రలు ధరించి ఆడే రోల్‌ప్లేయింగ్ ఆటల్లో పోరు మరీ సాగుతుందని ఫిర్యాదు చేయనివాళ్లు అరుదు. నియమాలు మరీ ఎక్కువైపోవడమే దీనికి కారణమని చాలామంది అంటారు. నా దృష్టిలో అది సగం కారణమే. కొత్తగా వచ్చి చేరిన నియమాల కన్నా, చెప్పాపెట్టకుండా తప్పుకున్న ఒకటి రెండు నియమాలే పోరును ఎక్కువగా సాగదీశాయి.

ఈ ఆటలు పుట్టింది యుద్ధక్రీడల్లోంచి. 1971లో గ్యారీ గైగాక్స్, జెఫ్ పెర్రెన్ రాసిన చైన్‌మెయిల్ మధ్యయుగపు సైనిక బొమ్మలతో ఆడే ఆట. పెద్ద యుద్ధాల్లో అందులోని ఒక్కో బొమ్మ 20 మంది సైనికులకు సమానం. దెబ్బ తగిలిన బొమ్మను బల్ల మీంచి తీసేయడమే పద్ధతి. మిన్నెసోటాలో డేవ్ ఆర్నెసన్ నడిపిన బ్లాక్‌మూర్ ఆటలో మాత్రం ఒక్కో ఆటగాడికి ఒక్కో పాత్ర ఉండేది. పేరు పెట్టుకుని, వారాల తరబడి పెంచుకున్న పాత్ర ఒక్క దెబ్బకు పోతే ఎవరికి మనసొప్పుతుంది? పాత్ర ఎంత దెబ్బ తట్టుకోగలదో చెప్పే అంకెలు, అంటే హిట్ పాయింట్లు, వచ్చింది ఆ అవసరంలోంచే. అమెరికా అంతర్యుద్ధ కాలపు ఇనుప ఓడల కోసం తాను రాసుకున్న నియమాల నుంచి వాటిని తెచ్చుకున్నానని ఆర్నెసన్ తర్వాతి కాలంలో చెప్పాడు. ఓడ ఒక్క గుండుకే మునగదు. అలా మనిషి కూడా దెబ్బలు ఓర్చుకుంటూ నిలబడటం మొదలైంది, పోరు నిడివికి అదే తొలి అడుగు.

1974లో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అచ్చయినప్పుడు ఆ నిడివి ఇంకా చిన్నదే. ఏ ఆయుధంతో కొట్టినా ఆరు ముఖాల పాచిక ఒకటి వేసేవారు, మామూలు శత్రువు ప్రాణమూ ఇంచుమించు అంతే. ఏడాది తిరిగేసరికి దానికి వచ్చిన గ్రేహాక్ అనే అనుబంధ పుస్తకం ఆయుధానికో పాచిక కేటాయించింది. ఆ తర్వాత వాస్తవికత మీద మోజు పెరిగింది. 1978లో రూన్‌క్వెస్ట్ అనే ఆట దెబ్బ ఏ అవయవానికి తగిలిందో లెక్కపెట్టింది, 1980లో ఆర్మ్స్ లా అనే నియమాల పుస్తకం ఆయుధానికో పట్టిక చొప్పున అచ్చువేసింది.

అయినా ఆ రోజుల్లో పోరుకు ఒక కళ్లెం ఉండేది. దాని పేరు మొరేల్, అంటే శత్రువు గుండె నిబ్బరానికి ఒక అంకె. 1981లో టామ్ మోల్డ్‌వే కూర్చిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ బేసిక్ సెట్‌లో గోబ్లిన్ నిబ్బరం 7. ఒక పక్షంలో మొదటి మరణం సంభవించినప్పుడు ఒకసారి, సగంమంది పడిపోయినప్పుడు మరోసారి గేమ్ మాస్టర్ రెండు ఆరు ముఖాల పాచికలు వేస్తాడు. మొత్తం 7 దాటితే గోబ్లిన్లు పారిపోతారు లేదా లొంగిపోతారు. రెండు పాచికలు పడే 36 విధాల్లో 15 విధాలుగా అలా జరుగుతుంది. అంటే తొలి గోబ్లిన్ నేలకూలగానే పోరు అక్కడితో ముగిసే అవకాశం నూటికి నలభైకి పైమాటే. లొంగినవాణ్ణి ఏం చేయాలి, పారిపోయినవాడు ఎవరిని వెంటబెట్టుకుని వస్తాడు అన్న ప్రశ్నలతో కథ వెంటనే ముందుకు నడుస్తుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. అప్పట్లో పాత్ర ఎదుగుదలకు కావలసిన అనుభవ పాయింట్లలో సింహభాగం తెచ్చుకున్న బంగారానికే దక్కేది, చంపిన రాక్షసులకు వచ్చేది కొంచెమే. కాబట్టి తెలివైన ఆటగాళ్లు పోరును తప్పించుకునే దారి వెతికేవారు.

2000లో విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ సంస్థ తెచ్చిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ మూడో ఎడిషన్ ఈ రెండింటినీ వదిలేసింది. రాక్షసుల వివరాల్లోంచి మొరేల్ అంకె మాయమైంది. అనుభవం ప్రధానంగా శత్రువును ఓడిస్తేనే వస్తుంది. పోరు పటం మీద ఐదడుగుల లెక్కన గళ్లు, పక్కనుంచి కదిలిపోతున్నవాణ్ణి వంతు లేకుండానే కొట్టే అవకాశం వచ్చి చేరాయి. ఒక్కో అడుగుకూ ఆలోచించాల్సిన పరిస్థితి. ఇక ఆఖరి శత్రువు ఆఖరి హిట్ పాయింటు దాకా కొట్టుకుంటూ పోవడమే ఆనవాయితీ అయింది. గెలుపు ఎవరిదో మూడో రౌండులోనే తేలిపోయినా ఆరో రౌండు దాకా పాచికలు వేయడం ఎంత నీరసమో బల్ల దగ్గర కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది.

2008లో వచ్చిన నాలుగో ఎడిషన్ పోరును ఎంతో అందంగా తీర్చిదిద్దింది. ఆ మాట మనస్ఫూర్తిగానే అంటున్నాను. కానీ రాక్షసుల హిట్ పాయింట్లు కొండంత, వాటి దెబ్బలు పిసరంత కావడంతో పోరు సాగిపోయేది. రాక్షసుల వివరాలిచ్చే మాన్‌స్టర్ మాన్యువల్ 2010 నాటి మూడో సంపుటంలో రాక్షసుల దెబ్బల బలం పెంచి లెక్క సరిచేయాల్సి వచ్చింది. 2014 నాటి ఐదో ఎడిషన్ అంకెలను తగ్గించింది, ఒక్కో దెబ్బకు సగటు నష్టాన్ని ముందే అచ్చువేసి గేమ్ మాస్టర్ పని తేలిక చేసింది. మొరేల్‌కు మాత్రం ఐచ్ఛిక నియమంగా ఓ మూల చోటిచ్చి ఊరుకుంది.

వేరే దారులు లేవని కాదు. 1975లోనే కెన్ సెయింట్ ఆండ్రే టనెల్స్ అండ్ ట్రోల్స్‌లో రెండు పక్షాల పాచికలనూ ఒకేసారి వేయించి, మొత్తాల తేడాను ఓడిన పక్షం మీద మోపాడు. అక్కడ వంతు కోసం ఎదురుచూపే లేదు. 2010లో అపోకలిప్స్ వరల్డ్ వంతులనే తీసేసింది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది 2013లో వచ్చిన 13త్ ఏజ్. దాన్ని రాసినవాళ్లు జొనాథన్ ట్వీట్, రాబ్ హైన్సో. మొదటివాడు మూడో ఎడిషన్ రూపకల్పనకు, రెండోవాడు నాలుగో ఎడిషన్ రూపకల్పనకు నాయకత్వం వహించినవాళ్లు. పోరును పొడిగించిన ఆటల లోగుట్టు వాళ్లకన్నా బాగా ఎవరికి తెలుస్తుంది? ఈ ఆటలో రెండో రౌండు మొదలవగానే బల్ల మధ్యలో ఆరు ముఖాల పాచిక ఒకటి పెట్టి, 1 పైకి కనబడేలా ఉంచుతారు. ప్రతి రౌండుకూ అది 6 దాకా ఒక్కో అంకె పెరుగుతుంది, ఆ అంకె వీరుల దాడికి కలుస్తుంది. వీరులు దాడి చేయకుండా తప్పించుకు తిరిగితే పాచిక పెంచకుండా ఆపే అధికారం గేమ్ మాస్టర్‌కు ఉంది. నాలుగో రౌండు వచ్చేసరికి పాచిక మీద 3 ఉంటుంది, మొదట్లో గురితప్పిన కత్తి ఇప్పుడు తగులుతుంది, బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా ముందుకు వంగి ఆ పాచికనే చూస్తుంటారు.