ఇంట్లో సెన్సర్లు రాసే ప్రతి అంకెనూ దాచాలా?

చిరంజీవులకు ఆశీస్సులు.

మీరిద్దరూ రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద, ఇంట్లోని సెన్సర్లనీ లైట్లనీ నడిపే హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషమేసింది. మెమరీ కార్డు నిండిపోతోందని, గ్రాఫ్ తెరవడానికి చాలాసేపు పడుతోందని, పెద్ద కార్డు కొందామంటున్నారని కూడా చెప్పింది. కొనే ముందు ఇది చదవండి.

అందులో రికార్డర్ అనే భాగం ఉంది. ఏ సెన్సర్ విలువ మారినా అది డేటాబేస్‌లో ఒక వరుస రాస్తుంది. మీరేమీ మార్చకపోతే 10 రోజుల లెక్కలు ఉంచి, అంతకన్నా పాతవి చెరిపేస్తుంది. ఇప్పుడు గీజర్‌కి పెట్టిన స్మార్ట్ ప్లగ్ సంగతి చూడండి. 5 సెకన్లకోసారి వోల్టేజీ పంపుతోందనుకుందాం. వోల్టేజీ ఒకచోట నిలిచేది కాదు. ఒకసారి 228, ఇంకోసారి 229. ప్రతిసారీ మారితే రోజుకి 17,280 వరుసలు, 10 రోజులకి 1,72,800. ఇది ఒక్క వోల్టేజీకే. అదే ప్లగ్ వాట్లు, యూనిట్లు కూడా పంపుతుంది. ఆగకుండా ఇలా రాస్తుంటే మెమరీ కార్డు త్వరగా అరిగిపోతుంది కూడా.

ఒక్కో సెన్సర్ దగ్గర ఆగి, ఈ అంకె రేపు మనకెందుకు పనికొస్తుందని అడగండి. యూనిట్లు కావాలి, కరెంటు బిల్లుతో సరిచూసుకోవచ్చు. గంట గంటకీ వేసే మొత్తాలను హోమ్ అసిస్టెంట్ విడిగా ఎప్పటికీ దాస్తుంది కాబట్టి 10 రోజులు దాటినా ఆ లెక్క పోదు. నిన్న మధ్యాహ్నం వోల్టేజీ ఎంతుందో, వైఫై సిగ్నల్ ఎంత బలంగా ఉందో ఎవరికి కావాలి? అలాంటివాటిని సెట్టింగుల ఫైల్లో రికార్డర్ కింద ఎక్స్‌క్లూడ్ (దాచనక్కర్లేనివి) జాబితాలో రాయండి. ఆటోమేషన్లు ఆగిపోతాయేమోనని టెన్షన్ వద్దు. అవి అప్పటికప్పుడున్న విలువను చూసి పనిచేస్తాయి, పాత చరిత్రతో వాటికి పనిలేదు. యూనిట్లను మాత్రం ఆ జాబితాలో చేర్చకండి, చేరిస్తే గంటల మొత్తాలు కూడా ఆగిపోతాయి.

మీరే ఈఎస్‌పీహోమ్ అనే సాఫ్ట్‌వేర్‌తో చేసుకున్న సెన్సర్లుంటే ఇంకా మంచిది. అందులో డెల్టా ఫిల్టర్ పెడితే, ఉష్ణోగ్రత అర డిగ్రీ మారినప్పుడే కబురొస్తుంది. రాసి చెరపడం కన్నా అసలు పంపకపోవడమే మేలు.

నాకు అన్నిటికన్నా ముఖ్యమైన మాట మీ నానమ్మ గది గురించి. రాత్రి ఆవిడ లేస్తే బాత్రూమ్ లైటు వెలగాలని మోషన్ సెన్సర్ పెట్టారు, మంచి పని చేశారు. కానీ ఆవిడ ఎన్నిసార్లు లేచిందో, ఎంతసేపు లోపలుందో ఇంట్లో ఫోనున్న ప్రతివాళ్లూ చూడగలగడం నాకు నచ్చలేదు. ఆవిణ్ని అడగండి. వద్దంటే ఆ సెన్సర్‌ని ఈరోజే జాబితాలో చేర్చండి. లైటు ఎప్పట్లాగే వెలుగుతుంది.

ఇవన్నీ చేసే ముందు బ్యాకప్ తీసుకోండి. పాత వరుసలు చెరిపినంత మాత్రాన ఫైలు వెంటనే చిన్నది కాదు. పర్జ్ (పాతవి చెరపడం) చేసేటప్పుడు రీప్యాక్ (ఫైలును కుదించడం) అన్నది కూడా ఎంచుకోవాలి. దానికి కార్డులో కాస్త ఖాళీ ఉండాలి, పూర్తిగా నిండేదాకా ఆగకండి.

ఇట్లు,
మీ పెదనాన్న