పందెపు గుర్రాల వంశంలో తల్లి చోటు

ఇంగ్లండు పందెపు గుర్రాలవాళ్లు పిల్ల పుట్టుకను రెండు ముక్కల్లో చెబుతారు: ఫలానా సైర్ 'బై', ఫలానా డ్యామ్ 'అవుటాఫ్'. అంటే ఈ తండ్రి వల్ల కలిగింది, ఈ తల్లి కడుపున పుట్టింది. ముందు పలికేది తండ్రి పేరే. పేరుప్రతిష్ఠలూ ఎక్కువగా ఆయనకే.

1791లో తొలి కూర్పు వెలువడిన జనరల్ స్టడ్ బుక్ అనే గుర్రాల వంశావళి పుస్తకం మాత్రం తల్లుల పేర్ల మీద నడుస్తుంది. ఒక్కో తల్లి కింద ఏ ఏడు ఏ మగగుర్రానికి ఏ పిల్లను ఈనిందో వరుసగా ఉంటుంది. చూలు నిలవకపోతే 'బారెన్', ఈసుకుపోతే 'స్లిప్డ్' అని రాస్తారు. తల్లి బతుకంతా ఆ వరుసలోనే తెలిసిపోతుంది.

పేరున్న మగగుర్రం ఒక్క సీజన్‌లో వందకు పైగా ఆడగుర్రాలతో జతకడుతుంది. తల్లి సుమారు పదకొండు నెలలు మోసి ఏడాదికి ఒక్క పిల్లను ఇస్తుంది. కవలలు ప్రాణాలతో పుట్టి నిలవడం బహు అరుదు. అందుకే 'హాఫ్ బ్రదర్' అన్న మాటను ఒకే తల్లి పిల్లలకే వాడతారు. తండ్రి ఒక్కడైనంత మాత్రాన ఆ చుట్టరికం ఒప్పుకోరు. ఈ పట్టింపు నాకు చాలా న్యాయంగా తోస్తుంది.

అర్బన్ సీ అనే ఆడగుర్రాన్నే చూడండి. 1993లో పారిస్‌లో ఆర్క్ డి ట్రయంఫ్ అనే పెద్ద పందెం గెలిచింది. దాని కొడుకు గెలీలియో 2001లో, వేరే తండ్రికి పుట్టిన మరో కొడుకు సీ ద స్టార్స్ 2009లో ఇంగ్లండులోని ఎప్సమ్ డెర్బీ పందెం గెలిచారు. ఆ 2009లోనే ఇంకో పిల్లను ఈనిన తర్వాత అర్బన్ సీ చనిపోయింది.

తల్లి వరుసకు విలువ కట్టాలని గట్టిగా పట్టుబట్టినవాడు ఆస్ట్రేలియాకు చెందిన బ్రూస్ లో. 19వ శతాబ్దం చివర్లో ఆయన స్టడ్ బుక్‌ను వెనక్కి తవ్వి, మూల తల్లుల వంశాలకు అంకెలు వేశాడు. పందేలు గెలిచిన సంతానాన్ని బట్టి వేసిన ఆ వరుసతో రేపటి విజేతను ముందే చెప్పలేం; కానీ వంశాల విభజన పనికొచ్చింది. కణాల్లోని మైటోకాండ్రియా అనే భాగాల్లో ఉండే డీఎన్ఏ పిల్లకు తల్లి నుంచే వస్తుంది కాబట్టి, తరాలు మారినా ఆ గుర్తు ఆడ వరుసలో సాగుతుంది. శాస్త్రవేత్తలు దాన్ని స్టడ్ బుక్‌తో పోల్చి చూస్తే చాలా వంశాలు సరిపోయాయి. కొన్నిచోట్ల మాత్రం ఒకే తల్లి సంతతిగా రాసిన గుర్రాలు వేర్వేరు తల్లులవని తేలింది.