గుడ్‌రీడ్స్‌లో జాబితా ఉంటే పుస్తకాలు భద్రమేనా? అపోహలు - వాస్తవాలు

"గుడ్‌రీడ్స్‌కి లింక్ చేసే ఉంది మేడం, కిండిల్ రీసెట్ కొట్టినా అన్నీ తిరిగొచ్చేస్తాయి కదా?" గుడ్‌రీడ్స్ అంటే చదివిన పుస్తకాల జాబితా పెట్టుకునే వెబ్‌సైట్, కిండిల్ అంటే ఈబుక్స్ చదువుకోవడానికి అమెజాన్ చేసిన పరికరం, రీసెట్ అంటే దాన్ని పూర్తిగా ఖాళీ చేయడం. లైబ్రరీలో నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఈ ప్రశ్న అడగనివాళ్లు తక్కువ. ముందే అడిగినవాళ్లు నయం. రీసెట్ కొట్టేశాక పరుగున వచ్చేవాళ్లకు నేను చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు, అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: లింక్ చేస్తే పుస్తకాలకు బ్యాకప్ ఉన్నట్టే.

కాదు. గుడ్‌రీడ్స్ గానీ, లైబ్రరీథింగ్ గానీ, స్టోరీగ్రాఫ్ గానీ కేటలాగులు. పేరు, రచయిత, ఏ ఎడిషన్, మీరిచ్చిన స్టార్లు, చదివిన తేదీ, రాసిన నాలుగు మాటలు, ఇవే అక్కడ ఉండేవి. పుస్తకం ఫైల్ అక్కడ ఉండదు. మా లైబ్రరీ యాక్సెషన్ రిజిస్టర్‌లో (వచ్చిన ప్రతి పుస్తకాన్నీ నమోదు చేసే పుస్తకం) నంబరు ఉన్నంత మాత్రాన ఆ పుస్తకం బీరువాలో ఉందని ఎవరూ అనుకోరు కదా, ఇదీ అంతే.

ఈ గందరగోళం ఎందుకొచ్చిందో నాకు అర్థమవుతుంది. 2013లో అమెజాన్ గుడ్‌రీడ్స్‌ని కొనేసింది, అదే ఏడాది వచ్చిన పేపర్‌వైట్ అనే కిండిల్ మోడల్ నుంచి గుడ్‌రీడ్స్ నేరుగా కిండిల్‌లోనే కనిపించడం మొదలైంది. ఒకే అట్టబొమ్మ రెండు చోట్లా కనిపిస్తుంటే రెండూ ఒకటేనని అనుకోవడంలో తప్పేముంది? కానీ లోపల మూడు వేర్వేరు చోట్లున్నాయి. జాబితా గుడ్‌రీడ్స్‌లో ఉంటుంది. కొన్న పుస్తకం, అందులో మీరు హైలైట్ చేసుకున్న వాక్యాలు అమెజాన్ అకౌంట్‌లో ఉంటాయి, రీసెట్ తర్వాత అదే అకౌంట్‌తో లాగిన్ అయితే తిరిగొచ్చేవి ఇవే, దాంతో గుడ్‌రీడ్స్‌కి సంబంధం లేదు. మూడోది, కేబుల్ పెట్టి కంప్యూటర్ నుంచి ఎక్కించిన ఫైళ్లు. వీటికి అమెజాన్ దగ్గర కాపీ ఉండదు, వీటిలోని హైలైట్లకైతే ఆ పరికరం తప్ప ఇంకో చోటే లేదు.

తెలుగు చదివేవాళ్లకు ఎక్కువ దెబ్బ తగిలేది ఈ మూడోదాంట్లోనే. 2016 డిసెంబరులో కిండిల్ స్టోర్‌లో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు ఆ జాబితాలో తెలుగు లేదు. దాంతో మనవాళ్లు వికీసోర్స్, ఇంటర్నెట్ ఆర్కైవ్ లాంటి ఉచిత పుస్తకాల సైట్ల నుంచి ఒకటీ రెండూ, స్నేహితులు పంపిన పీడీఎఫ్ ఒకటి ఎక్కించుకుని చదవడం అలవాటు చేసుకున్నారు. అంటే మన చదువులో చాలా భాగం ఏ కంపెనీ సర్వర్‌లోనూ లేదు.

మా లైబ్రరీకి ఒక రిటైర్డ్ లెక్చరర్ గారు వస్తారు. అమెరికాలో ఉన్న అబ్బాయి తన అకౌంట్‌తోనే రిజిస్టర్ చేసి పంపిన కిండిల్ ఆయనది. ఇక్కడ పుస్తకాలు సొంతంగా కొనుక్కోవడానికి తన అకౌంట్‌కి మార్చుకోవాలనుకున్నారు. పక్కింటి కుర్రాడు "గుడ్‌రీడ్స్ లింక్ ఉంది కదండీ, ఏం పోదు" అని ధైర్యం చెప్పి ఫ్యాక్టరీ రీసెట్ కొట్టాడు. జాబితా చక్కగా అలాగే ఉంది, స్టార్లతో సహా. అబ్బాయి కొన్న పుస్తకాలు అబ్బాయి అకౌంట్‌లోనే ఉండిపోయాయి. ఆయన ఒక పెద్ద వ్యాసం కోసం ఏళ్ల తరబడి పాత తెలుగు పుస్తకాల్లో గుర్తు పెట్టుకున్న వాక్యాలు ఒక్కటీ మిగల్లేదు. "పుస్తకాలు మళ్లీ ఎక్కించుకుంటానమ్మా, మరి నేను గీసుకున్నవో?" అని అడిగారు. ఏం చెప్పాలో తోచక "కూర్చోండి మాస్టారూ, టీ తెప్పిస్తాను" అన్నాను. ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు, తెలియకుండానే "ఏం పోదు" అని అందరికీ చెప్పుకుంటూ తిరిగే ఆ పుకారు మీదే కోపం.

కాబట్టి రీసెట్‌కి ముందు, అకౌంట్ మార్చేముందు, పాత కిండిల్ ఎవరికైనా ఇచ్చేముందు ఇది చేయండి. డేటా కేబుల్‌తో (ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్ అయితే కుదరదు) కంప్యూటర్‌కి కలపండి. డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో 'మై క్లిప్పింగ్స్' అని ఒక టెక్స్ట్ ఫైల్ ఉంటుంది, మీ హైలైట్లూ నోట్సూ అన్నీ వరసగా అందులోనే పడుతుంటాయి. దాన్ని కాపీ చేసుకోండి. మీరు ఎక్కించిన ఫైళ్లూ కాపీ చేసుకోండి. ఇకమీదట కొత్తవి ఎక్కించేటప్పుడు కేబుల్ వదిలేసి, ఇంటర్నెట్ ద్వారా ఫైళ్లు పంపే అమెజాన్ సదుపాయం 'సెండ్ టు కిండిల్' వాడండి. 2022 నుంచి అది ఈపబ్ (ఎక్కువగా వాడే ఈబుక్ ఫైల్ రకం) ఫైళ్లు కూడా తీసుకుంటోంది, అలా పంపినవి మీ అకౌంట్‌లో చేరతాయి, హైలైట్లు కూడా సింక్ అవుతాయి.

కొన్న పుస్తకం ఎప్పటికీ మనదేనన్న భరోసా కూడా వద్దు. 2009లో అమెజాన్ అమ్మేసిన కొన్ని పుస్తకాలను కొన్నవాళ్ల కిండిల్‌లోంచే వెనక్కి తీసేసుకుంది. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈబుక్ స్టోర్ మూసేస్తే కొన్న పుస్తకాలు తెరుచుకోవడం మానేశాయి. రెండుసార్లూ డబ్బు తిరిగిచ్చారు, అది వేరే విషయం. కిండిల్ పుస్తకాలను కంప్యూటర్‌లోకి డౌన్‌లోడ్ చేసి కేబుల్‌తో ఎక్కించుకునే సదుపాయాన్ని కూడా అమెజాన్ 2025 ఫిబ్రవరిలో తీసేసింది.

మిగతావి గబగబా.

లింక్ తీసేస్తే షెల్ఫులు (గుడ్‌రీడ్స్‌లో మీ జాబితాలు) పోతాయా? పోవు. గుడ్‌రీడ్స్ అకౌంట్ డిలీట్ చేస్తేనే పోతాయి.

గుడ్‌రీడ్స్‌లో చేర్చుకున్న పుస్తకం అక్కడే ఉచితంగా చదవొచ్చా? లేదు. అది చదివే చోటు కాదు.

ఐఎస్‌బీఎన్ (పుస్తకం అట్ట మీద ఉండే గుర్తింపు నంబరు) లేని పాత తెలుగు పుస్తకాలు ఈ జాబితాల్లోకి ఎక్కవంటారు. లైబ్రరీథింగ్‌లో ఎక్కుతాయి, చేత్తో వివరాలు నింపాలి, అంతే. అందులోనే అమెరికాలోని పెద్ద లైబ్రరీ అయిన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ రికార్డుల్లోంచి కూడా వెతకొచ్చు. ఆ రికార్డుల్లో పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటాయి కాబట్టి తెలుగు లిపిలో కొట్టి దొరకలేదని వదిలేయకండి.

"నేను ఏం చదువుతున్నానో ఆఫీసులో అందరికీ తెలిసిపోతుందా?" అని ఒకావిడ చాలా టెన్షన్‌తో అడిగారు, తన జబ్బు గురించి చదువుకుంటున్నారు పాపం. ఈ భయాన్ని నేను కొట్టిపారేయను. హైలైట్లు మీరు పంచుకుంటే తప్ప ఎవరికీ కనబడవు. కానీ షెల్ఫులో పెట్టిన పుస్తకం స్నేహితుల ఫీడ్‌లోకి వెళ్లగలదు. సెట్టింగ్స్‌లో ప్రొఫైల్‌ని స్నేహితుల వరకే ఉంచుకోవచ్చు, ఆ స్నేహితుల్లోనే ఆఫీసువాళ్లు ఉంటే మాత్రం ఆ పుస్తకాన్ని అసలు చేర్చకండి. కిండిల్ నుంచి లింక్ తీసేసి కూడా హాయిగా చదువుకోవచ్చు.

ఇక జాబితాకే బ్యాకప్ కావాలంటే, గుడ్‌రీడ్స్ వెబ్‌సైట్‌ని కంప్యూటర్‌లో తెరిచి, 'మై బుక్స్'లో 'ఇంపోర్ట్ అండ్ ఎక్స్‌పోర్ట్' నొక్కి, అక్కడ 'ఎక్స్‌పోర్ట్ లైబ్రరీ' నొక్కితే సీఎస్‌వీ ఫైల్ (పట్టికలా తెరుచుకునే టెక్స్ట్ ఫైల్) వస్తుంది. స్టోరీగ్రాఫ్‌కి, లైబ్రరీథింగ్‌కి మారాలన్నా ఆ ఫైలే కావాలి. దాన్ని ఎక్సెల్‌లో నేరుగా డబుల్ క్లిక్ చేసి తెరిస్తే తెలుగు పేర్లు పిచ్చి అక్షరాలుగా కనిపించవచ్చు. అలా కనిపిస్తే కంగారుపడి సేవ్ మాత్రం నొక్కొద్దు, మూసేసి గూగుల్ షీట్స్‌లో తెరవండి, తెలుగు సరిగ్గా వస్తుంది.