అది 1953 నాటి విల్లు కాదండీ! పాత రికర్వ్ విల్లుల గురించి అపోహలు, వాస్తవాలు

మిషిగన్‌లో మా ఇంటి బేస్‌మెంట్ గోడ నిండా విల్లులే. పాత వేట విల్లులు కొనడం, బాగుచేయడం, ఒకదానితో ఒకటి పోల్చి చూడటం పన్నెండేళ్లుగా నా పిచ్చి. విజయవాడ నుంచి వచ్చిన చుట్టాలెవరైనా ముందు అడిగేది "మన ధీరజ్, జ్యోతి సురేఖ వాడేవి ఇవేనా?" అని. కాదు. సురేఖ వాడేది కాంపౌండ్, అంటే చివర్లలో కప్పీలు తిరిగే విల్లు. బొమ్మదేవర ధీరజ్‌ది రికర్వే (కొనలు ఎదురు వంపు తిరిగిన విల్లు) గానీ, అది లోహపు పిడి, సైట్ (గురి చూసే పరికరం), విల్లు ఊగకుండా ఉంచే స్టెబిలైజర్ కడ్డీలు ఉన్న ఒలింపిక్ విల్లు. నా దగ్గరున్నవి 1950ల నుంచి 70ల దాకా అమెరికాలో జింకల వేట కోసం కర్ర, ఫైబర్‌గ్లాస్ అతికించి చేసినవి. పొట్టివి, సైట్ లేనివి. కాంపౌండ్‌కి 1969 డిసెంబర్‌లో పేటెంట్ వచ్చాక వేటగాళ్లు మెల్లగా అటు మళ్లారు. ఇవేమో అటకెక్కాయి. మనలాంటివాళ్లకి గరాజ్ సేల్‌లో దొరుకుతున్నాయంటే ఆ పుణ్యమే.

"దీని మీద 1953 అని రాసుంది, కాబట్టి 1953 నాటిది"

నాకు నెలకోసారైనా వచ్చే మెసేజ్ ఇది. ఫోటో, దాని కింద "1953 బేర్, రేటెంత ఉంటుందన్నా?" అని. బేర్ అంటే పేరున్న అమెరికా విల్లుల కంపెనీ. ఫోటో పెద్దది చేసి చూస్తే, కింది లింబ్ (పిడికి అటూఇటూ వంగే చేతుల్లాంటి భాగం) మీద పేటెంట్ నంబర్, పక్కన చిన్న అక్షరాల్లో "కెనడా 1953" కనిపిస్తాయి. అది కెనడాలో పేటెంట్ వచ్చిన సంవత్సరం. ఆ ముద్రని తర్వాత ఎన్నో ఏళ్లపాటు అలాగే వేస్తూ పోయారు. నా దగ్గర 60ల చివరి విల్లు మీద కూడా 1953 ఉంది. అమ్మేవాళ్లు మోసం చేస్తున్నారని అనను, చాలామందికి నిజంగానే తెలియదు.

మరి వయసు ఎలా పట్టాలి? ఫ్రెడ్ బేర్ డెట్రాయిట్‌లో మొదలుపెట్టిన కంపెనీ 1947లో ఇదే రాష్ట్రంలోని గ్రేలింగ్‌కి, 1978లో ఫ్లోరిడాలోని గెయిన్స్‌విల్‌కి మారింది. విల్లు మీద ఊరి పేరుంటే సగం పని అయినట్టే. తర్వాత పిడి మీద ఎలుగుబంటి బొమ్మ ఉన్న బిళ్ల. దీన్ని కాయిన్ అంటాం. అది 1959లో వచ్చింది. మొదట్లో కాయిన్ కర్రతో సమంగా ఉండేది, వేలితో రాస్తే అంచు తగలదు. 1970ల తొలినాళ్లలో అది పైకి ఉబ్బింది. నేను విల్లు చేతిలోకి తీసుకోగానే కళ్లు మూసుకుని బొటనవేలితో ముందు అదే తడుముతాను. సీరియల్ నంబర్ చూసి సంవత్సరం చెప్పేస్తామనే వాళ్ల మాట మాత్రం పూర్తిగా నమ్మకండి. కాయిన్, కర్ర రకం, అక్షరాల తీరు, ఆ ఏటి కేటలాగ్, అన్నీ ఒకే మాట చెప్పాలి.

"45 అని ఉంటే 45 పౌండ్లే"

విల్లు మీద రాసే ఈ అంకె నారి లాగడానికి పట్టే బలం. 28 అంగుళాల దాకా లాగితే 45. మీరు అంత లాగుతారా? నా చేతులకి 26 దగ్గరే ఆగిపోతుంది. అంగుళానికి రెండు నుంచి మూడు పౌండ్లు తగ్గుతుందని లెక్క వేసుకుంటే, ఆ 45 నా చేతిలో 40కి అటూఇటూ. పొడుగు చేతులవాళ్లకి అదే విల్లు 48 కూడా కావచ్చు. రెండు విల్లుల్ని పోల్చేముందు వేలాడే కాటా కొక్కేనికి నారి తగిలించి, మీరు లాగే పొడవు దగ్గర తూచండి. పాతబడితే బలం సగమైపోతుందన్నది కూడా ఉత్తిదే. ఫైబర్‌గ్లాస్ విల్లు బాగా ఉంచితే యాభై ఏళ్ల తర్వాత కూడా రాసిన అంకెకి దగ్గర్లోనే తూగుతుంది.

"గీత కనిపిస్తే విల్లు పోయినట్టే"

ఏ గీత, ఎటు వైపు? లింబ్ పొడవునా సన్నగా వెంట్రుకల్లా ఉండే గీతలు చాలావరకు పైపైవే. అడ్డంగా ఉన్నవీ, పొరలు విడిపోతున్న చోట ఉన్నవీ ప్రమాదం. దూది ఉండ తీసుకుని లింబ్ మీద పైనుంచి కిందికి రాయండి. ఎక్కడ పోగు చిక్కుకుంటే అక్కడ గాజు పీచు లేచిందన్నమాట. చీకటి గదిలో టార్చ్ పక్కనుంచి వేసి అతుకుల గీతలు చూడండి. తర్వాతే నారి ఎక్కించి ఒక రాత్రి వదిలేయాలి. మర్నాడు కొంచెం కొంచెంగా లాగి చూడాలి. ఒక్క మినహాయింపు ఉంది. 1950 ప్రాంతంలో లోపల అల్యూమినియం పొర పెట్టిన బేర్ విల్లులు కొన్ని వచ్చాయి. ఆ పొర విడిపోతుంది. దొరికితే గోడకి తగిలించండి, నారి జోలికి పోకండి.

ఇక లింబ్ మెలి. నారి ఎక్కించి చివర నుంచి చూస్తే నారి లింబ్ మధ్యలోంచి పోవాలి. ఒక పక్కకి జరిగితే మెలి తిరిగినట్టు. కాలు లోపల పెట్టి వంచి నారి ఎక్కించే అలవాటు, మూలకి ఆనించి నిలబెట్టడం, ఈ రెండూ దీనికి ముఖ్య కారణాలు. మెలి విల్లుని చాలామంది పారేసే ధరకి ఇచ్చేస్తారు. కొద్ది మెలి అయితే వేడినీళ్లతో (మరిగేవి కాదు) లింబ్‌ని వెచ్చబరిచి, ఎదురు దిక్కుకి తిప్పి, చల్లారేదాకా పట్టుకుంటే సరవుతుంది. ఒక్కసారికి కాకపోవచ్చు, నాకు ఒకదానికి వారం పట్టింది.

"ఉత్తినే లాగి వదిలితే ఏమవుతుంది?"

మా బావ వచ్చినప్పుడు నేను పైన టీ పెడుతున్నాను. కింద నుంచి టప్పుమని చప్పుడు. దిగి చూస్తే బావ చేతిలో 1960ల విల్లు, పై లింబ్ చీలి వేలాడుతోంది. "బాణం పెట్టలేదురా, ఊరికే లాగానంతే" అన్నాడు. బాణం పెట్టకపోవడమే తప్పు. బాణంలోకి పోవాల్సిన శక్తి అంతా తిరిగి లింబ్‌లోకే పోతుంది. శివధనుస్సు విరిచినందుకు పెళ్లి చేసుకోమన్నాం గానీ, ఆయనకి అప్పటికే మా అక్కతో అయిపోయింది.

నారి విషయంలోనూ ఇదే సంగతి. కొత్త రకం సాగని నారులు బాణాన్ని వేగంగా పంపుతాయి కదా అని పాత విల్లుకి కడుతుంటారు. పాత వింటి కొనలు ఆ కుదుపుకి చేసినవి కావు, నారి కొనని కోసుకుంటూ పోతుంది. డాక్రాన్ (కొంచెం సాగే పాలిస్టర్ దారం) నారే కట్టండి. బాణం కూడా మరీ తేలిక వద్దు. విల్లు బలంలో ఒక్కో పౌండుకి బాణం బరువు తొమ్మిది గ్రెయిన్లకి (బాణాలు తూచే చిన్న కొలత) తగ్గనివ్వను.

"అన్నిట్లోకీ బేరే గొప్ప"

పేరు ఎక్కువ కాబట్టి రేటు ఎక్కువ. వాషింగ్టన్ రాష్ట్రం యకీమాలో చేసిన డేమన్ హోవట్, టెక్సాస్‌లోని వింగ్, అర్కాన్సా పైన్‌బ్లఫ్‌లోని బెన్ పియర్సన్, సెయింట్ లూయిస్‌లోని హోయ్ట్, ఇవేవీ తీసిపోవు. పది బాణాలు ప్రశాంతంగా వేయాలనిపిస్తే నా చెయ్యి పోయేది హోవట్ మీదికే.

పోల్చేటప్పుడు వేగం ఒక్కటే చూడటం కూడా దండగ. బేర్ వాళ్లవే 52 అంగుళాల కోడియాక్ మాగ్నమ్, 60 అంగుళాల సూపర్ కోడియాక్ రెండూ పక్కపక్కన పెట్టి లాగండి. పొట్టిదానిలో చివరి అంగుళం ఒక్కసారిగా బిగుసుకుపోతుంది, నారి కోణం ఇరుకై వేళ్లని నొక్కేస్తుంది. పొదల్లో కూర్చుని వేటాడేవాడికి ఆ పొట్టితనమే వరం. పెరట్లో అట్టముక్క మీద కొట్టుకునే నాకు అది శిక్ష.

"రికర్వ్ అమెరికా వాళ్ల కనిపెట్టుడు"

ఇది విన్నప్పుడల్లా నవ్వొస్తుంది. చివర్లు ఎదురు వంపు తిరిగే విల్లు ఆసియాలో వేల ఏళ్లుగా ఉంది. మంగోలులు, తురుష్కులు కర్రకి లోపలి వైపు కొమ్ము, బయటి వైపు నరం అతికించేవారు. లాగినప్పుడు కొమ్ము నలిగే ఒత్తిడిని, నరం సాగే ఒత్తిడిని తట్టుకుంటాయి. అమెరికా వాళ్లు ఆ రెండు పనులూ ఫైబర్‌గ్లాస్‌కి అప్పగించారు. విష్ణుమూర్తి విల్లు శార్ఙ్గం అని చదువుకున్నాం కదా, శృంగం అంటే కొమ్ము, శార్ఙ్గం అంటే కొమ్ముతో చేసినది. పేరులోనే తయారీ ఉంది.

"కుడిచేతి విల్లంటే కుడిచేత్తో పట్టుకునేది"

ఎడమచేత్తో పట్టుకుని కుడిచేత్తో లాగేదే కుడిచేతి విల్లు. నారి మీ వైపు ఉండేలా పట్టుకుంటే బాణం ఆనే గాడి ఎడమ పక్కన కనిపించాలి. అర్జునుడు సవ్యసాచి కాబట్టి ఆయనకి ఈ గొడవ లేదు. నేను మాత్రం "రైట్ హ్యాండ్" అన్న అమ్మకందారు మాట పట్టుకుని, ఫోటో సరిగ్గా చూడకుండా డబ్బు పంపేశాను. పెట్టె విప్పితే గాడి కుడి పక్కన ఉంది. చక్కటి 60ల బేర్ గ్రిజ్లీ, మెలి లేదు, గీత లేదు. రెండేళ్లుగా గోడ మీదే ఉంది. ఎడమచేతి వాటం వాళ్లెవరైనా తెలిస్తే చెప్పండి.