ఆప్టికల్ వైర్లో ఆరు స్పీకర్ల సౌండ్ ఎలా పడుతుంది?

కంప్యూటర్ నుంచి రిసీవర్‌కి (స్పీకర్లన్నిటికీ సౌండ్ పంచే పెట్టె) ఆప్టికల్ కేబుల్ పెట్టాను, సినిమా వేస్తే ఆరు స్పీకర్లూ మోగుతున్నాయి, గేమ్ ఆడితే మాత్రం ముందున్న రెండే మోగుతున్నాయి, కేబుల్ మార్చమంటారా అని ఒకాయన అడిగారు. మార్చొద్దు. కేబుల్‌లో ఏ లోపమూ లేదు. ఆ మాట చెప్పి ఊరుకోవచ్చు గానీ, దీని వెనకున్న మెకానిజం నాకు మహా ఇష్టం, కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

స్పీకర్లు ఎక్కడ పెట్టాలి, సబ్‌వూఫర్ ఏ మూలన ఉండాలి లాంటివి వదిలేస్తున్నా, అవి ఎక్కడైనా దొరుకుతాయి. అసలు సమస్య జాగా. ఆప్టికల్, కోయాక్సియల్ (అదే సౌండ్‌ని రాగి వైర్లో పంపేది) రెండింట్లోనూ నడిచేది ఎస్‌పీడిఫ్ అనే పద్ధతే, సోనీ, ఫిలిప్స్ కలిసి సీడీల కాలంలో పెట్టింది. సీడీ అంటే లెఫ్ట్, రైట్, అంతే. సినిమా సౌండ్ లెక్కలో సెకనుకి 48,000 సాంపిళ్లు (సౌండ్‌ని కొలిచిన అంకెలు), ఒక్కోటి 16 బిట్లు, రెండు ఛానెళ్లు, గుణిస్తే 15,36,000 బిట్లు. అదే 5.1కి (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) ఆరు ఛానెళ్లు కావాలి, అంటే 46,08,000 బిట్లు. పట్టదు.

మరి సినిమా సౌండ్ ఎలా పట్టింది? దీన్ని రెండు బోగీల ప్యాసింజర్ రైలు అనుకోండి. సెకనుకి 48,000 సార్లు బయల్దేరుతుంది, ఎడమ బోగీలో 16 సీట్లు, కుడి బోగీలో 16 సీట్లు, సీటుకో బిట్, ప్యాసింజర్లంటే మామూలు సాంపిళ్లు, ఖాళీగా ఉన్నా సరే టైముకి వెళ్లాల్సిందే. డాల్బీ డిజిటల్ అనే సినిమా సౌండ్ పద్ధతి తయారుచేసినవాళ్లు ఏం చేశారంటే ఆరు ఛానెళ్ల సౌండ్‌ని, మన చెవి ఎలాగూ పట్టించుకోని వివరాలు తీసేసి మూటకట్టి, ఆ మూటల్ని ప్యాసింజర్ల సీట్లలో పెట్టి పంపిస్తారు. ఒక్కో మూటలో 1,536 సాంపిళ్ల సౌండ్, అంటే 32 మిల్లీసెకన్లు. డీవీడీల్లో డాల్బీకి ఉన్న గరిష్ఠ రేటు 448 కిలోబిట్లు, ఆ లెక్కన మూట సైజు 1,792 బైట్లు.

ఇప్పుడు అసలు మజా. మొదటి రైలు ఎడమ బోగీలో ఎఫ్872, కుడి బోగీలో 4ఈ1ఎఫ్ అనే రెండు హెక్స్ అంకెలు (పదహారు గుర్తులతో రాసే అంకెలు) వెళ్తాయి. "జాగ్రత్త, వెనక వచ్చేది ప్యాసింజర్లు కాదు, సరుకు" అని రిసీవర్‌కి సైగ అన్నమాట. రెండో రైల్లో ఆ సరుకు ఏ రకం, ఎన్ని బిట్లు అనే చీటీ. ఆ తర్వాత మూట. ఈ ఎనిమిది బైట్లూ కలుపుకుని 1,800 బైట్లు, రైలుకి నాలుగు బైట్లు చొప్పున 450 రైళ్లు. ఆ 32 మిల్లీసెకన్లలో బయల్దేరే 1,536 రైళ్లలో మిగిలిన 1,086 రైళ్లూ ఉత్త సున్నాలు మోసుకుంటూ ఖాళీగా పోతాయి! పట్టదనుకున్న వైర్లోనే ఆరు ఛానెళ్లూ పట్టి, ఇంకా మూడింట రెండొంతులకి పైగా జాగా మిగిలిపోయింది.

ఇది అర్థమైతే మనం పడే సగం తిప్పలు వాటంతటవే విడిపోతాయి. కంప్యూటర్లో వాల్యూమ్ కాస్త తగ్గించారనుకోండి, అది ప్రతి అంకెనీ ఏదో భిన్నంతో గుణిస్తుంది, నిజం సౌండ్ అయితే మెల్లగా వినిపిస్తుంది, కానీ ఇక్కడున్నది సరుకు కదా, ఎఫ్872 కాస్తా ఇంకేదో అంకె అయిపోతుంది, రిసీవర్‌కి సైగ అందదు, మూటల్ని ప్యాసింజర్లనుకుని స్పీకర్లోకి దింపేస్తుంది, బర్ర్ మని చెవులు చిల్లులు పడే హోరు. సెకనుకి 48,000 సాంపిళ్లని (48 కిలోహెర్ట్జ్) సీడీలా 44,100కి మార్చినా అదే గతి. అందుకే ప్లేయర్లో పాస్‌త్రూ (మూటల్ని విప్పకుండా అలాగే పంపే సెట్టింగ్) ఆన్ చేశాక కంప్యూటర్ వాల్యూమ్ పనిచేయదు, పనిచేయకూడదు కూడా. రిసీవర్ రిమోట్‌తోనే తగ్గించుకోవాలి.

గేమ్ సంగతికొద్దాం. సినిమాలో మూటలు ముందే కట్టి ఉంటాయి, కంప్యూటర్ వాటిని విప్పకుండా రైలెక్కిస్తుంది. గేమ్‌లో శత్రువు వెనక నుంచి వస్తాడో పక్క నుంచి వస్తాడో మీరు తిరిగే దాన్నిబట్టి ఉంటుంది, సౌండ్ అప్పటికప్పుడు పుడుతుంది, మూటకట్టినవాడు ఎవడూ లేడు. కాబట్టి రెండు ఛానెళ్లే వెళ్తాయి. డాల్బీ డిజిటల్ లైవ్ లేదా డీటీఎస్ కనెక్ట్ ఉన్న సౌండ్ కార్డ్ అయితే అక్కడికక్కడే మూట కట్టేస్తుంది, కానీ డాల్బీ అయితే 32 మిల్లీసెకన్ల సరుకు పోగయ్యేదాకా ఆగాలి కదా, ఆ ఆలస్యం తప్పదు.

ఇక్కడో మాట. ఖరీదైన బంగారు పూత ఆప్టికల్ కేబుల్ పెడితే బేస్ బాగా వస్తుందనేది, పిల్లి ఎదురొస్తే పని చెడుతుందనేలాంటి నమ్మకమే. లోపల పోయేది ఎర్రటి వెలుగు (కేబుల్ రెండో కొస అరచేతి దగ్గర పెడితే చిన్న ఎర్ర చుక్క పడుతుంది, చూడండి), వెలుగుకి బంగారంతో ఏం పని? మూటలో తప్పులు పట్టే లెక్క కూడా ఉంటుంది, చెడితే సౌండ్ తెగుతుంది తప్ప బేస్ తగ్గదు.

హెచ్‌డీఎంఐ అయితే ఈ గొడవంతా లేదు, ఎనిమిది ఛానెళ్లు మూటకట్టకుండానే వెళ్తాయి, 2002లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచీ అంతే. అయితే అక్కడా సౌండ్‌కి సొంత దారి లేదు. 1080 లైన్ల బొమ్మ పంపేటప్పుడు నిజానికి 1,125 లైన్లు, లైన్‌కి 1,920 పిక్సెళ్లకి బదులు 2,200 పిక్సెళ్ల టైము నడుస్తుంది. ఆ మిగులు, పాత పిక్చర్ ట్యూబ్ టీవీల్లో కిరణం వెనక్కి తిరిగి రావడానికి ఇచ్చిన వ్యవధి. ట్యూబులు పోయాయి, వ్యవధి ఉండిపోయింది, సౌండ్ అందులో దూరి వెళ్తుంది. అందుకే బొమ్మ లేకుండా సౌండ్ ఒక్కటే పంపడం కుదరదు, రిసీవర్ విండోస్‌కి రెండో మానిటర్‌లా కనిపించి మౌస్ బాణం అందులోకి జారిపోయి మాయమవుతూ ఉంటుంది. చిరాకేస్తే డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో డూప్లికేట్ పెట్టుకోండి.

ఇంకోటి, వెనక స్పీకర్లు మోగినంత మాత్రాన 5.1 వచ్చేసినట్టు కాదు. స్టీరియోనే సాగదీసి వెనక్కి పంపే ప్రో లాజిక్ లాంటివి రిసీవర్లో ఉంటాయి. డిస్‌ప్లే మీద డాల్బీ డిజిటల్ అనో మల్టీ ఛానెల్ అనో ఉందా, ఉత్త పీసీఎం (మూటకట్టని మామూలు సౌండ్) అనో స్టీరియో అనో ఉందా చూడండి. హెచ్‌డీఎంఐ పెట్టి కూడా స్టీరియోనే వస్తుంటే మొదట విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లో స్పీకర్ల సెటప్ 5.1కి మార్చండి. అక్కడ 5.1 ఆప్షనే కనిపించకపోతే వైర్ ఎటు నుంచి ఎటు వెళ్తోందో చూడాలి, ఎందుకంటే కంప్యూటర్ టీవీకి తగిలించి ఉంటే "నాకు రెండు ఛానెళ్లే వచ్చు" అని చాలా టీవీలు చెప్పేస్తాయి, కంప్యూటర్ నమ్మేస్తుంది. టీవీ నుంచి రిసీవర్‌కి వెళ్లే మామూలు ఆర్క్ (టీవీ సౌండ్‌ని హెచ్‌డీఎంఐ వైర్లోనే వెనక్కి పంపేది) దారిలో కూడా ఆప్టికల్ లాగే రెండు ఛానెళ్లో, మూటలో, అంతకి మించి పట్టవు, దాని కొత్త రకం ఈ-ఆర్క్ అయితేనే ఆరూ ఎనిమిదీ విడిగా వెళ్తాయి. కంప్యూటర్ నుంచి ముందు రిసీవర్‌కి, రిసీవర్ నుంచి టీవీకి పెట్టండి.