ఎంత చెరిపినా ప్రధానమే

పలాస

చిరంజీవులైన మనవలకూ మనవరాళ్లకూ అమ్మమ్మ ఆశీస్సులు.

"నీకు బాగా ఇష్టమైన సంఖ్య ఏది?" అని మొన్న ఫోనులో అడిగారు కదా. నోటితో చెబితే తనివి తీరదని రాస్తున్నాను. ఆ సంఖ్య 7,39,39,133. ఏడు కోట్ల ముప్పై తొమ్మిది లక్షల ముప్పై తొమ్మిది వేల నూట ముప్పై మూడు.

ముందు 73 చింతపిక్కలు తీసుకోండి. (జీడిపిక్కలు ముట్టుకోవద్దు. పచ్చి పిక్క తొక్కలో ఉండే రసం చేతిని కాలుస్తుంది.) అన్ని వరుసల్లోనూ సమానంగా వచ్చేలా పేర్చండి. నిన్న మధ్యాహ్నం అరుగు మీద నేనూ పేర్చాను. ఎనిమిదేసి పెడితే తొమ్మిది వరుసలు వచ్చి ఒక పిక్క మిగిలింది. ఏడేసి పెడితే పది వరుసలు వచ్చి మూడు మిగిలాయి. 72 పిక్కలు ఎన్ని రకాలుగానో చక్కగా ఒదుగుతాయి. ఇంకొక్కటి చేరగానే ఒకే పొడుగాటి వరుసగా తప్ప కుదరవు. అందుకే 73 ప్రధాన సంఖ్య.

ఇప్పుడు నా సంఖ్యను పలక మీద రాసి, కుడి చివరి అంకెను చెరపండి. 73,93,913 వస్తుంది. అదీ ప్రధాన సంఖ్యే. మళ్లీ చెరపండి: 7,39,391. ఆ తర్వాత 73,939; 7,393; 739; 73; చివరికి 7. ఎనిమిదీ ప్రధాన సంఖ్యలే! మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. నమ్మకం కుదరకపోతే 739ని 2, 3, 5, 7, 11, 13, 17, 19, 23లతో భాగించి చూడండి, చాలు. 29తో పని లేదు, ఎందుకంటే 29ని 29తో గుణిస్తేనే 841 అయి 739ని దాటిపోతుంది. పెద్దదానికైతే 8,598 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితోనూ భాగించాలి. ఆ పని కంప్యూటర్‌కు వదిలేద్దాం.

ఇలాంటి సంఖ్యలు మొత్తం 83 ఉన్నాయి. వాటిలో అన్నిటికన్నా పెద్దది ఇదే. దీనికి కుడి పక్కన ఇంకో అంకె చేర్చి చూడండి. సున్నా గానీ సరి అంకె గానీ చేర్చితే 2తో భాగం పోతుంది. 5 చేర్చితే 5తో పోతుంది. ఇక మిగిలినవి 1, 3, 7, 9. ఇక్కడే నాకు ముచ్చటేసే సంగతి ఉంది. దీని అంకెలన్నీ కూడితే 38. 1 చేర్చితే మొత్తం 39, 7 చేర్చితే 45. రెండూ 3తో భాగమయ్యేవే, కాబట్టి ఆ సంఖ్యలూ 3తో భాగమవుతాయి. భాగించనిదే బండారం బయటపడనివి 3, 9 చేర్చినవి మాత్రమే. అవి కూడా ప్రధాన సంఖ్యలు కావు.

ఈ 83లో రెండంకెలవి తొమ్మిది. అవి మీరే వెతికి, జవాబు ఉత్తరంలో రాసి పంపండి. 73 ఎలాగూ చెప్పేశాను, ఇక ఎనిమిదే.

ప్రేమతో,
అమ్మమ్మ